ఆరింటికి తాగాల్సిన నీళ్లు

గాజు గ్లాసు నిండా నీళ్లు. కొంచెం నిమ్మకాయ వాసన. మంచం పక్కన బల్ల మీద పొద్దున ఆరింటి నుంచి అలాగే ఉన్నాయి.

ఆంథోని వాటి వంక చూడటం లేదు. తలుపు వంక చూస్తున్నాడు.

"జర తాగయ్యా. టైమైతుంది," అంది భార్య జోజమ్మ.

"ఫాదర్ రానీ. ప్రసాదం తీసుకున్నంక తాగుత."

"నీళ్లే గదా."

"నీళ్లైనా గంతే."

సత్ప్రసాదం తీసుకునే రోజు తెల్లవారుజాము నుంచి గొంతులో చుక్క పడకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడు నేర్పింది. ఇప్పుడు గంట చాలు, రోగులకు అదీ అక్కర్లేదని ఫాదర్ జయరాజ్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పంపు నడిపిన మనిషి. ఆ పంపులాగే, ఒకసారి మొదలుపెడితే ఆగడు.

రెండు వేల ఎనిమిది అది. ఖమ్మంలో ఆపరేషన్‌కు ముందు తీపి నీళ్లివ్వడం అప్పుడే కొత్త.

ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు భాను వచ్చి, కేస్ షీటు వెనక సంచిలాంటి కడుపు బొమ్మ గీసి మరీ చెప్పింది.

"అన్నమైతే ఇందులో ఆరు గంటలు కూర్చుంటుంది. ఈ నీళ్లు రెండు గంటల్లో కిందికి దిగిపోతాయి. ఇందులో ఉండే చక్కెర రక్తంలో కలుస్తుంది. పస్తున్న సంగతి ఒంటికి తెలియదు. నీరసం రాదు, జల్దీ కోలుకుంటారు."

"ఒంటికి తెల్వకపోతే ఇగ అదేం పస్తు డాక్టరమ్మా?" అన్నాడు ఆంథోని.

భాను నవ్వింది. నవ్వుతూనే వేలు చూపించింది.

"ఎనిమిదింటికి ఆపరేషన్. సరిగ్గా ఆరింటికి తాగాలి. తర్వాత చుక్క కూడా వద్దు. కడుపులో ఏమన్నా మిగిలితే, మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

ఫాదర్ ఐదున్నరకల్లా వస్తానన్నాడు. చీకటితోనే జూలూరుపాడులో బండి మీద బయల్దేరాడు కూడా.

వచ్చేసరికి ఆరున్నర.

"ఆలస్యమైంది ఆంథోనీ," అన్నాడు హెల్మెట్ తీస్తూ.

"వచ్చిన్రు గదా. సాలు ఫాదర్."

నుదుటికి, అరచేతులకు పవిత్ర తైలం రాశాడు. ప్రార్థన చదివాడు. ప్రసాదం నాలుక మీద పెట్టాడు. ఆంథోని కళ్లు మూసుకున్నాడు. ఎనిమిది నెలలుగా పిత్తాశయంలో రాళ్లతో మెలికలు తిరిగిన మనిషి ముఖం అంత నెమ్మదిగా ఉండటం చూసి జోజమ్మకు ఏడుపొచ్చింది.

ఫాదర్ వెళ్లేటప్పటికి ఏడు.

ఆంథోని గ్లాసెత్తి, దించకుండా తాగేశాడు.

"మంచిగున్నయే. రోజూ ఇస్తే బాగుండు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

ఏడుంబావుకు నర్సు దీవెన ఫైలు పట్టుకొని వచ్చింది.

"ఆరింటికి తాగిండా అమ్మా?"

పక్క మంచం బొజ్జయ్య పొద్దున్నే చాయ్ తాగానని నిజం చెప్పినందుకు ఆపరేషన్ వచ్చే నెలకు వాయిదా పడి, అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. ఆపరేషన్ చేసే డాక్టరు హైదరాబాద్ నుంచి నెలకొక్కసారి వస్తాడు.

ఇంకో నెల ఆ నొప్పి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని, దుప్పటి కొరుక్కుంటూ ఇంకో నెల.

"అవ్. ఆరింటికే," అంది జోజమ్మ.

ఆంథోని ఆమె వంక చూశాడు. ఎన్నడూ పావలా అబద్ధం ఆడని మనిషి అతను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతనికీ నొప్పితో విసుగెత్తి పోయింది.

నీళ్లే కదా అనుకుంది ఆమె. ఒక్క గంటలో ఏం కొంప మునుగుతుంది?

దీవెన ఫైల్లో ఆరు వేసుకుంది.

తొమ్మిదిన్నరకు భాను బయటికి వచ్చింది. టోపీ కూడా తీయలేదు.

"మత్తు ఇస్తుంటే కడుపులోవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయాయమ్మా. ఆపరేషన్ మొదలే పెట్టలేదు. మిషన్ మీద ఉంచాం."

జోజమ్మ గోడ పట్టుకుంది.

"రెండు గంటలైతే ఇలా కాకూడదు. ఆరింటికే తాగాడు కదా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. అందులోంచి మళ్లీ అదే మాట వచ్చింది.

"అవ్."

నాలుగు రోజులు మిషన్ ఊపిరి పీల్చింది. ఐదో రోజు మధ్యాహ్నం ఆపేశారు.

ఆ తర్వాత ఆ దవాఖానాలో ఎవరికీ ఆ నీళ్లివ్వలేదట. తన లెక్కే తప్పిందనుకొని భాను ఆపించిందని, చూడ్డానికి ఇంటికొచ్చిన దీవెన చెప్పింది. ఆ మాట విన్న రోజు జోజమ్మ పొయ్యి వెలిగించలేదు.

గుడికి వెళ్తూనే ఉంది. ప్రసాదానికి మాత్రం లేవడం లేదు. దుఃఖం కదా, పోనీలెమ్మని అందరూ ఊరుకున్నారు.

రెండు నెలలకు, ఒక శనివారం సాయంత్రం, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించింది. తెరకు అవతల ఫాదర్ జయరాజ్.

"అబద్ధమాడిన ఫాదర్. ఏడింటికి తాగిండు. ఆరన్న."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రెండుసార్లు అడిగిన్రు. రెండుసార్లూ గదే చెప్పిన. నేనే సంపుకున్న."

తెర అవతల కుర్చీ కిర్రుమంది.

మామూలుగా అయితే వెంటనే ఏదో ఒక ప్రార్థన చెప్పుకోమంటాడు. క్షమాపణ మాటలు చదువుతాడు. ఆమె తల వంచుకొని ఆ మాటల కోసం ఎదురుచూసింది. మోకాళ్లు నొప్పి పుట్టాయి. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

ఆ తెర దగ్గర ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

"ఆ పొద్దు వచ్చే దారిల, ఏన్కూరుల తెలిసినోళ్లు కలిసిన్రు," అన్నాడు ఫాదర్. "చాయ్ తాగుకుంట గంట కూసున్న, జోజమ్మా."