రికార్డుల గదిలో ఒక కుర్చీ

కన్నకొడుకు గురించి చెడ్డగా చెప్పకూడదని ఆవిడకి తెలుసు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతోంది.

"బల్లి కనిపిస్తే మంచమెక్కేవాడు. వేలు తెగితే రక్తం చూడలేక, కళ్ళు మూసుకుని ఆ వేలు నా ముందు పెట్టేవాడు. వీడు అంబులెన్సెక్కి జనాన్ని కాపాడతాట్ట. వీడి వెనకాల వీడి కోసం ఇంకో అంబులెన్సు పంపాలి."

ఎదురుగా కూర్చున్న తమ్ముడు కాఫీ చప్పరిస్తూ తలూపాడు. ఆయన ఓ పెద్ద ఆసుపత్రిలో రికార్డుల గదికి అధికారి. కుర్చీలోంచి లేస్తే హోదా తగ్గిపోతుందని నమ్మే మనిషి. ఈమధ్య ఆ గదిలో మరో కుర్చీ ఖాళీ అయింది. బస్సులో సీటు మీద రుమాలేసినట్టు మేనల్లుడి కోసం దాన్ని అట్టే పెట్టాడు. ఆ సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పకపోతే అది ఇంకెవరి మేనల్లుడికో పోతుంది.

ఆ మేనల్లుడు ఆరడుగుల మనిషి. ఇంట్లో మాత్రం ఇంకా చంటాడే. అత్యవసర వైద్యసాయం నేర్పే ఈఎంటీ కోర్సు పాసై, అంబులెన్సు మీద పనికి వెళ్ళడం మొదలుపెట్టి కొద్ది వారాలే అయింది. వాడి లెక్క వాడిది. ఏడాదిపాటు బండి మీద పనిచేస్తేనే దాని పైమెట్టు పారామెడిక్ కోర్సుకి తీసుకుంటారు. మధ్యలో దిగిపోతే ఆ దారి మూసుకున్నట్టే. కోర్సు చదివినన్నాళ్ళూ గదుల్లో తిరుగుతూ పాఠాలు పైకి చదివి, ఇంట్లో గోడలక్కూడా వైద్యం వచ్చేట్టు చేశాడు. అలాంటివాడికి కుర్చీ చూపిస్తే ఆగుతాడా?

"నువ్వు చెప్పక్కయ్యా. నీ మాటైతే కాదనడు," అన్నాడు తమ్ముడు.

"విననే విననివాడు కాదనడమెందుకు?" అంది ఆవిడ.

అంటూనే కప్పు పక్కన పెట్టి ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. నొప్పంది. బండరాయి పెట్టి నొక్కుతున్నట్టుందంది. తమ్ముడు ఎవరూ లేపకుండానే కుర్చీలోంచి లేచాడు. లేచాక ఏం చెయ్యాలో తోచక, మళ్ళీ కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు.

అంబులెన్సులు ఉండే చోటు వెనకవీధిలోనే. వచ్చింది చంటాడి బండే.

గుమ్మంలో తల్లిని చూసి వాడు ఒక్క క్షణం ఆగాడు, అంతే. వెంటనే ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, చెయ్యి పట్టుకుని నాడి చూస్తాను. సరేనా?" అన్నాడు.

"తల్లి చెయ్యి పట్టుకోడానికి అనుమతొకటా? పట్టుకో, అరిగిపోదు."

వాడు నవ్వలేదు, విసుక్కోలేదు. నొప్పి ఎటైనా పాకుతోందా అని అడిగాడు. ఎడమ చేతిలోకి, దవడలోకి అంది. ఇదివరకెప్పుడైనా వచ్చిందా అంటే, నువ్వీ ఉద్యోగంలో చేరకముందు లేదంది. బండి ఎక్కించాక కూడా ఆవిడ నోటికి విశ్రాంతి లేదు. స్ట్రెచర్ బెల్టు బిగుతంది, డ్రైవరుకి గతుకులంటే ప్రాణమంది, ఇంత చదువూ చదివి మనుషుల్ని మూటల్లా మోసుకు తిరుగుతున్నాడంది. గుండెకేమైందో గానీ నోరు మాత్రం భేషుగ్గా ఉందనుకున్నాడు డ్రైవరు.

గుండె గీతలు తీసిన కాగితం చూసి, ఫరవాలేదు, కంగారు పడాల్సిందేం లేదన్నాడు బండిలో వాడితోపాటు పనిచేసే సీనియర్. చంటాడు ఒప్పుకోలేదు. గుండెపోటు వచ్చిన మొదట్లో గీతలు మామూలుగానే ఉండొచ్చని, అమ్మ చెబుతున్న నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదని వాదించి, అందరూ సిద్ధంగా ఉండాలని ఆసుపత్రికి ముందే కబురు చేయించాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "భయపడకమ్మా, నేనున్నాను కదా," అన్నాడు.

ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

ఆసుపత్రిలో డాక్టరూ నర్సులూ గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నారు. పరీక్షల మీద పరీక్షలు చేశారు. చివరికి తేలిందేమిటంటే, ఆవిడ గుండె నిక్షేపంలా ఉంది.

డాక్టరు చంటాణ్ణి తల్లి మంచం పక్కనే నిలబెట్టి కడిగేశాడు. "అజీర్తికి సైరన్ మోగించుకుంటూ వచ్చావా? సీనియర్ చెప్పినా వినలేదట. పుస్తకంలో చదివిందల్లా ప్రతి మనిషిలోనూ కనిపిస్తుంటే నీకీ పనెందుకయ్యా?"

ఆయన వెళ్ళిపోయాక చంటాడు తల దించుకుని చేతి గ్లవ్సు ఒక్కొక్కటే ఊడదీశాడు. బండిలో అక్క వెంటే వచ్చిన మేనమామ గడియారం చూసుకుని ఫోను బయటికి తీశాడు. ఆఫీసు మూసేస్తారు, ఏం చెప్పమంటావని అడిగాడు.

"చేరతానని చెప్పు మావయ్యా. సొంత అమ్మ నొప్పే ఏమిటో పోల్చుకోలేకపోయాను. ఊళ్ళోవాళ్ళ నొప్పి నాకేం తెలుస్తుంది? ఎవరి ప్రాణం మీదికో తెస్తాను."

వారాల తరబడి ఆవిడ ఎదురుచూసింది ఈ మాట కోసమే. తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి బుద్ధిగా మాట్లాడావని మేనల్లుణ్ణి మెచ్చుకుని, ఫ్యాను కింద కూర్చుని చేసే పనిలో ఉన్న సుఖం గురించి నాలుగు ముక్కలు చెబుతూ నెంబరు నొక్కడం మొదలుపెట్టాడు.

"ఆ ఫోను పెట్టెయ్యరా," అంది ఆవిడ తమ్ముడితో.

"అదేమిటక్కయ్యా? నువ్వు కోరిందే కదా. వాడే తన తప్పు ఒప్పుకుంటుంటే మధ్యలో నీకేమొచ్చింది?"

ఆవిడ దుప్పటి పక్కకి నెట్టి లేచి కూర్చుంది. కొడుకు మొహంలోకి చూడలేక ఎదురుగా ఉన్న గోడ వంక చూసింది.

"తప్పు వాడిది కాదు, నాది," అంది.

"నన్నలా చూస్తే జడిసి వాడే ఆ పని మానేస్తాడనుకున్నాను. నాకసలు నొప్పే రాలేదు."