చివికిపోని చీరముక్క

"మెల్లగా నాన్నా, చిరిగిపోతుంది," అంటూ కూతురు పారను పక్కకు నెట్టి, మొక్కజొన్న మొదళ్ల మధ్య నుంచి చీరముక్కను వేళ్లతో పైకి తీసింది. మట్టి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం.

రెండు నెలల కింద పాతిన నూలుగుడ్డ అంచు పువ్వులతో సహా అలాగే ఉంది.

రైతు ముఖం వెలిగింది. "చూశావా! ఈ చీర కోసం మీ అమ్మ బజారంతా తిప్పిందని ఎంత సణిగానో!"

కూతురు నవ్వలేదు. అదే రోజు పెరట్లో పాతిన రెండో ముక్క చూపించింది. దానికి నాలుగు పోగులే మిగిలాయి.

"ఇదీ ఆ చీరదే నాన్నా. మట్టిలో సూక్ష్మజీవులు బతికుంటే గుడ్డను ఇలా తినేస్తాయి. పొలంలో అవి కరువయ్యాయి."

"ఈ జన్యుమార్పిడి విత్తనం వల్లేనంటావా?"

"ఒక్క గుడ్డతో చెప్పలేను. ఆరేళ్లుగా అదే పంట, అవే మందులు. ఒక్క ఏడు మానేసి చూస్తే..."

"ఎలా మానతానే? ఇంకో మూడేళ్లు అదే వేస్తానని విత్తనాల కంపెనీకి సంతకం పెట్టానుగా."

అతను చీరముక్కను దులిపి మడతపెట్టబోయాడు. చేతులు ఆగిపోయాయి. నిరుడు భార్యను పూడ్చిన పొలం మూలకేసి చూశాడు.

"ఈపాటికి మట్టిలో కలిసిపోయి ఉంటుందనుకున్నానే, మీ అమ్మ."



రైతు పెరట్లోకి వెళ్లి, రెండో ముక్క తీసిన గుంటలోని మట్టినే తట్టకెత్తుకున్నాడు.

"ఆ మూల ఒప్పందంలో లేదులే," అన్నాడు.

మొక్కజొన్న ఆకులు రెండు భుజాలనూ గీరుతుంటే, వరసల మధ్య నుంచి భార్య దగ్గరకు నడిచాడు.