రెండో ఆల్బమ్‌లో నాన్న

“బెల్లు నువ్వే కొట్టక్కా. అబద్ధం ఆడింది నువ్వు కదా!” అన్నాడు తమ్ముడు.

అక్క చెయ్యి బెల్లు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. సిగ్గుతో తల కొట్టేసినట్టుంది ఆమెకు.

అక్క పాడుతుంది. తమ్ముడు కీబోర్డులు, డ్రమ్ మిషన్లు చూసుకుంటాడు. చావు, చీకటి, ఒంటరితనం గురించి పాడుతూనే జనం చేత గెంతులు వేయించే బాపతు పాటలు. డార్క్ సింథ్‌పాప్ అంటారు. వాళ్ల మొదటి ఆల్బమ్‌ని ఎవరూ పట్టించుకోలేదు. రెండోదాన్ని పట్టించుకుని మరీ తిట్టారు. ‘ఈ ఏడుపుకి కరెంటు దండగ’ అని రాశాడొకడు.

అప్పుడు రాశాడు పెద్దాయన. సంగీత విమర్శకుల్లో ఆయన మాటకు తిరుగులేదు. ఒకరిని మెచ్చుకోవడమంటే ఆయనకు పన్ను పీకించుకున్నంత బాధ. అలాంటివాడు ఈ ఆల్బమ్‌ని ఆకాశానికెత్తేశాడు. ‘అన్ని పాటల కిందా సన్నగా ఒక మూలుగు. పాటకీ పాటకీ మధ్య కూడా అది ఆగదు. ఈ ఆల్బమ్ ప్రాణమంతా అందులోనే ఉంది’ అన్నాడు.

ఆయనకు వినబడ్డాక మిగతావాళ్లకు వినబడకుండా ఉంటుందా? తిట్టిన నోళ్లే పొగిడాయి. ‘మళ్లీ విన్నాను, ఒళ్లు జలదరించింది’ అని రాశాడు కరెంటు దండగన్న మనిషి.

“ఏం మూలుగురా అది?” అని అడిగింది అక్క.

“నేనేం పెట్టలేదక్కా. పాటల మధ్య అంతా ఖాళీయే. నా చెవులకైతే ఏమీ వినబడటం లేదు.”

అక్కకీ వినబడలేదు. కానీ రేడియోవాళ్లు ఆ సంగతి అడిగితే తెలీదనడానికి నామోషీ అనిపించింది. “మా నాన్న ఆఖరి రోజుల్లో పక్కనున్న ఆక్సిజన్ మిషన్ చప్పుడండీ,” అనేసింది. ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో ఆమెకే తెలీదు.

ఇంకేముంది, ఆల్బమ్ ఎక్కడ చూసినా మోగింది. తన తండ్రి కూడా ఆ చప్పుడులోనే పోయాడంటూ కచేరీలో ఒకావిడ అక్కను కావలించుకుని ఏడ్చింది. అమ్మ మాత్రం ఫోన్ చేసి ఒక్క మాటే అడిగింది.

“మీ నాన్న నిద్రలో పోయారు కదే?”

ఆ తర్వాత అక్కకు ముద్ద దిగలేదు. అద్దంలో తన మొహం చూసుకోవాలన్నా సిగ్గేసింది. మూలుగు మొదట విన్నది పెద్దాయన గనక ముందు ఆయన దగ్గరే ఒప్పేసుకుందామనుకుంది. ఆయన అది రాస్తే బ్యాండు పని అయిపోయినట్టే. అయినా సరే అనుకుని వచ్చింది.

తమ్ముడే విసుగొచ్చి బెల్లు కొట్టాడు. పెద్దాయన భార్య తలుపు తీసింది. భోజనాల గదిలో, వంటింటి గుమ్మానికి అటూ ఇటూ రెండు పాత స్పీకర్లు. బల్ల ముందు పెద్దాయన.

“సార్, ఆ మూలుగు గురించి మీకో నిజం చెప్పాలి...”

“ముందు వినమ్మాయ్. ఇలాంటివి హెడ్‌ఫోన్లలో వినకూడదు. పాటకి గాలి తగలాలి,” అంటూ ఆఖరి పాట పెట్టి కళ్లు మూసుకున్నాడు.

తన గొంతు తనే వింటూ తల దించుకుంది అక్క. అంతలోనే ఉలిక్కిపడింది.

వినబడింది. పాట కింద, సన్నగా, బరువుగా, ఎవరో పడుకుని మూలుగుతున్నట్టు. తమ్ముడి వంక చూసింది. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడికీ వినబడుతోంది.

అయితే తను ఆడింది అబద్ధం కాదా? ఇంతకాలం నాన్న ఇందులోనే ఉంటే, కన్నకూతురికే వినబడలేదా? ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు ఇంకో రకం సిగ్గు.

“ఏదో నిజం అన్నావు?” పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

“ఆయన... నిజంగా మా నాన్నేనండీ,” అంది అక్క.

పాట అయిపోయింది. “ఉండండి, మంచినీళ్లు తెస్తాను,” అంటూ పెద్దాయన భార్య వంటింట్లోకి వెళ్లింది.

ఆవిడ అక్కడ పాత ఫ్రిజ్‌ని అరచేత్తో ఒక్కటి చరిచేసరికి, నాన్న మూలుగు టక్కున ఆగిపోయింది.