సుంకిరెడ్డి వాకిట్లో కారు

"గేరు చక్రం మార్చినానమ్మా. కారు ఇంగ కదులుతాది," అన్నాడు మెకానిక్ ఖాదరు.

తులశమ్మ తాళంచెవిని కొడుకు ఓబులేసు చేతిలో పెట్టింది. "మీ నాయన కారు, ఇంగ నీది. ఆయన్ను చంపిన సుంకిరెడ్డి వాకిట్లో ప్రతి సోమవారం నిలబెట్టాల. వాడు మరిచిపోగూడదు."

పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే.

"తెల్లదొరల నాటి కారుకు చక్రం యాడ దొరికిందప్పా?" అన్నాడు ఓబులేసు.

ఖాదరు తల దించుకున్నాడు. "సుంకిరెడ్డికీ ఇట్లాంటి కారే ఉంది, దాన్లోది విప్పిచ్చినాడు. మీ కారొస్తే ఆ వారానికి నిశ్చింతంట. రాకపోతే, మీరు కత్తులిచ్చి మనుషుల్ని పంపినారేమోనని అన్నం దిగదంట."

తులశమ్మ బానెట్ మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్లూ తాను వాడికి మోసుకెళ్లింది ధైర్యమన్నమాట.

"అహోబిలం పోదాం పా," అంది కారెక్కుతూ. "ఆనక నీ ఇష్టమొచ్చిన చోటికి తోలుకో. వాని వీధి మాత్రం తొక్కొద్దు."