పేరు చెప్పిన పిల్ల

పోలీసు డెప్యూటీ రాయ్ ఓస్బర్గ్ కాఫీ వద్దన్నాడు.

ఒకసారి కాదు, మూడుసార్లు. అమెరికాలోని మిన్నెసోటాలో ఆ మూల ఎవరైనా రెండుసార్లు మొహమాటానికి వద్దంటారు, మూడోసారి కప్పు అందుకుంటారు. మూడోసారీ వద్దన్నాడంటే వచ్చిన పని మంచిది కాదన్నమాటే.

మారిట్ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"కూర్చో రాయ్," అంది వాళ్లమ్మ లోర్నా. ఓవెన్‌లో ఆదివారం వంట మాడుతున్న వాసన వస్తోంది. ఆమె లేవలేదు.

పొద్దున చర్చిలోనే ఆమె చెవిన పడింది. షెరిఫ్ ఆఫీసులో మారిట్ పేరు వినబడుతోందట.

ఎవరు చెప్పి ఉంటారో మారిట్‌కి వేరే చెప్పాలా? ఆ డార్సీయే! ఊరికి వచ్చి నెల కాలేదు. అమ్మా నాన్నా లేని పిల్ల. ప్రభుత్వం ఇప్పటికి ఎన్ని ఇళ్లు మార్చిందో, చివరికి సరస్సు అవతల ఓ ముసలి దంపతుల దగ్గర పెట్టింది. చేతివాటం ఉందట అని బడిలో అప్పుడే పేరు పడింది. ఎవరి వస్తువు పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

నిన్న మధ్యాహ్నం పడవల షెడ్డులో ఉన్నది ముగ్గురే. మారిట్, ఆమె స్నేహితుడు గ్రాంట్, డార్సీ. వోడ్కా సీసా మారిట్ బ్యాగులోంచే బయటికొచ్చింది.

"ఓ గుక్క తాగవే, చావవులే," అని మారిట్ ఏడిపించింది.

"నాకొద్దు. ఒక్క కేసు పడినా నన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపోతారు," అంది డార్సీ. "ముసలాయన రోజూ నాకోసం పాన్‌కేకులు వేస్తాడు తెలుసా? అడక్కుండానే!"

"అయ్యో పాపం, పాన్‌కేకులు!" అని నవ్వాడు గ్రాంట్. ఆమె వాటా కూడా తనే తాగాడు. తాగి తాగి పక్కకి ఒరిగాడు. పెదాలు నీలంగా మారాయి. పిలిస్తే పలకలేదు.

మారిట్ తటాలున లేచింది.

"నా హాకీ పోతుంది! కాలేజీ సీటు పోతుంది!"

నిజమే. మద్యం కేసు ఒక్కటి పడితే బడి జట్టులోంచి తీసేస్తారు. కాలేజీ వాళ్లు చూసేది ఈ ఏడాది ఆటే.

"పోతే పోతుంది, ముందు ఇతన్ని పక్కకి తిప్పుదాం, పట్టుకో," అంది డార్సీ.

మారిట్ వినలేదు. వెనక్కి చూడకుండా పరుగెత్తింది. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసి పడుకుంది.

గ్రాంట్ బతికాడు. ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా మాట్లాడలేడు.

డెప్యూటీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నీ పేరు మా దగ్గరికి వచ్చిందమ్మాయ్."

"తెలుసు," అంది మారిట్, నేలచూపులు చూస్తూ.

"దాని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు సీసా ఎవరిదో తేలాలి."

"తాగకపోయినా కేసేనా రాయ్?" అంది లోర్నా.

"ఇరవై ఒకటి నిండనివాళ్లు దగ్గర పెట్టుకున్నా కేసే. అలాగని ఊరికే పక్కన కూర్చున్నవాళ్ల మీద పెట్టలేం. అది వాళ్లదేననో, వాళ్ల చేతిలో చూశామనో ఎవరో ఒకరు చెప్పాలి. మేం వెళ్లేసరికి ఆ డార్సీ సీసా పక్కనే కూర్చుని ఉంది. ఊపిరి పరీక్ష చేస్తే చుక్క లేదు. ఎవరిదని అడిగితే నోరు విప్పదు. ఆ పిల్ల మీద నా దగ్గర ఏమీ లేదు."

నోరు విప్పదట! నా పేరు చెప్పడానికి మాత్రం బాగానే విప్పింది. మారిట్‌కి ఒళ్లు మండిపోయింది.

"డార్సీదే," అంది.

"నువ్వు చూశావా?"

"చూశాను. తన బ్యాగులోంచి తీసింది. గ్రాంట్‌కి తనే పోసింది."

"జడ్జిగారి ముందు చెప్పాల్సి వస్తుంది. ఆలోచించుకో."

"ప్రమాణం చేసి మరీ చెబుతా."

డెప్యూటీ పెద్దగా నిట్టూర్చాడు.

"పోసిచ్చిందంటే కేసు ఇంకా పెద్దది. సాయంత్రానికే వచ్చి తీసుకుపోతారు. ఈసారి ఇల్లు కాదు, తాళాలేసే హోమ్. పొద్దున ఆ ముసలాయన మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు."

మారిట్ తల ఎత్తలేదు. లోర్నా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మరి మా అమ్మాయి సంగతేంటి?"

"మారిట్ మీద కేసెందుకుంటుంది?" ఓస్బర్గ్ ఆశ్చర్యపోయాడు. "మనిషి ప్రాణం మీదికొస్తే, సాయం కోసం ఫోన్ చేసినవాళ్ల జోలికి చట్టం పోదు. ఆ సీసా నాదేనని తను ఒప్పుకున్నా నేనేమీ చెయ్యలేకపోయేవాణ్ణి. మేం వచ్చేదాకా అక్కడే ఉండాల్సింది, భయపడి పరుగెత్తింది. సర్లే, చిన్నపిల్ల, దాన్ని పట్టించుకోనని ప్రభుత్వ లాయరు కూడా అన్నాడు."

"నా బంగారు తల్లీ!" లోర్నాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఫోన్ చేసింది నువ్వేనా? నాకు ఒక్క ముక్కైనా చెప్పలేదేమే?"

మారిట్ అమ్మ చేతికింద నుంచి భుజం పక్కకి తీసుకుంది.

"గ్రాంట్ ఫోన్ తీసుకుని చేసింది. రికార్డు నేనే విన్నాను," అన్నాడు ఓస్బర్గ్ లేస్తూ. "గొంతు గజగజ వణుకుతోంది. అయినా 'నా పేరు మారిట్ హాల్వర్సన్, రాసుకున్నారా, మారిట్ హాల్వర్సన్' అని రెండుసార్లు చెప్పింది."

ఆ ఫోన్ వెళ్లేసరికి షెడ్డులో స్పృహలో ఉన్నది డార్సీ ఒక్కతే.