మొండి పెట్టె

స్పీకరు పెట్టె మళ్ళీ మొండికేసింది. సౌండు తక్కువగా ఉన్నంతసేపూ బుద్ధిగా పాడుతుంది. కాస్త పెంచితే చాలు, గరగరమని గొంతు పోగొట్టుకుంటుంది.

ఫోను రాగానే తండ్రి ఆఘమేఘాల మీద వచ్చాడు. ఆ ఇంటి గడప తొక్కడానికి ఆయనకు మిగిలిన సాకు అదొక్కటే. విడాకులు కాకముందు తండ్రీకూతుళ్ళు వంటింటి బల్ల మీద కలిసి చేసుకున్న పెట్టె అది. కాలేజీలో చేరాక కూతురికి బొత్తిగా తీరిక లేదు. ఊరికే చూసిపోతానంటే ఎందుకని అడుగుతుంది తల్లి. పెట్టె చెడిందంటే మాత్రం ఏమీ అనదు.

ఆయన మూత విప్పాడు. కూతురు మీటరు పట్టుకుంది. ఊరికే ఉన్నప్పుడు పన్నెండు వోల్టులు చూపిస్తోంది. సౌండు పెంచగానే ఎనిమిదికి జారిపోతోంది.

"కరెంటు దారిలో ఎక్కడో పోతోందమ్మా. ఒక్కో చోటా కొలుచుకుంటూ రావాలి. తొందరపడితే దొరకదు."

పోయినసారి అడాప్టరు మార్చాడు. అంతకుముందు కెపాసిటరు. ఈసారి స్విచ్చు మార్చి, పనిలో పనిగా తీగలన్నింటికీ మళ్ళీ టంకం పెట్టాడు. పెట్టె గొంతెత్తి పాడింది. నాన్న చెయ్యి పడితే చాలని కూతురు మురిసిపోయింది. ఆ మాటకే ఆయన కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఫోను రాలేదు. ఉండబట్టలేక తనే వచ్చాడు. పెట్టె ఇల్లు అదిరేలా మోగుతోంది.

"నేనే బాగుచేశా నాన్నా," అంది కూతురు. "నువ్వు చెప్పినట్టే కొలుచుకుంటూ పోయా. అడాప్టరు నుంచి వచ్చే నల్ల తీగ దగ్గర టంకం పగిలింది. మళ్ళీ గట్టిగా అతికించా. ఇక జన్మలో చెడిపోదు. పాపం, నీకు ఇంతదూరం తిరిగే బాధ తప్పింది."

ఆయన వంగి ఆ అతుకు చూశాడు. నున్నగా, తళతళా మెరుస్తోంది. వంక పెట్టడానికి లేదు. భేష్ అన్నాడు, తల నిమిరాడు.

ఇంకేమైనా పనుందా అని తల్లి గుమ్మంలోంచి అడిగింది. లేదన్నాడు. చెప్పులేసుకుని బయటపడ్డాడు. మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు.

వచ్చిన ప్రతిసారీ, టంకం గట్టిపడేలోపే ఆ నల్ల తీగను కావాలని కాస్త కదిపి, కొన్నాళ్ళకు మళ్ళీ పగిలేలా అతికించి వెళ్ళింది ఆయనే.