మా సుగాత్రి ఊదిన ఈల

ఈ కాలపు బాస్కెట్‌బాల్ రిఫరీలు ఈల ఊదడం ఎప్పుడో మానేశారు. ఆటగాళ్లు బంతిని గుమ్మడికాయలా చంకన పెట్టుకుని పరిగెడతారు. నిరుడు ఒకడు దానితోనే ఇంటికెళ్లి, భోంచేసి వచ్చి బుట్టలో వేస్తే రిఫరీ చప్పట్లు కొట్టాడు.

మొన్న ఫైనల్లో ఈల ఊదిందెవరనుకున్నారు? కొత్త రిఫరీ, మా మనవరాలు సుగాత్రి.

"ఊదితే ఉద్యోగం తీసేస్తానని లీగు పెద్ద చెప్పాడుగా," అంటూ మా ఆవిడ టీవీ ముందు చిక్కుడుకాయలు ఒలవడం ఆపేసింది.

టీవీలో, బంతి చంకన పెట్టుకుని పరిగెడుతున్న పేరున్న ఆటగాడొకడు తెల్లబోయాడు. "ఏంటక్కా ఆ చప్పుడు?"

"బంతి నేలకు కొట్టకుండా పరిగెత్తకూడదు తమ్ముడూ. కొట్టి చూడు."

భయంభయంగా కొట్టాడు. బంతి లేచి అతని చేతికే వచ్చింది. స్టేడియమంతా నోరు తెరిచింది.

ఉద్యోగం పీకడానికి కోర్టులోకి దిగొచ్చిన లీగు పెద్ద, "నేనూ ఒకసారి కొట్టనామ్మా?" అన్నాడు.

మా పిల్ల మళ్లీ ఈల ఊదింది.

"గీత దాటారు సార్. బయటికెళ్లి అడగండి."